ఊరపందిని కొలిచిందెవరు?

పంది మీద వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వొచ్చు. పెద్దకూర గురించి మన పత్రికలు చాలా రాశాయి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పెద్దకూర పండుగ జరిగినప్పుడు తిండి కూడా రాజకీయమేనని దేశమంతా మాట్లాడుకుంది. పంది దగ్గరికొచ్చేసరికి మాత్రం మన గొంతు తగ్గుతుంది. ముస్లింలతో కలిసి నడవాల్సిన అవసరం అందుకు ఒక కారణం, అది అర్థం చేసుకోదగ్గదే. రెండో కారణం చెప్పుకోడానికే ఇబ్బందిగా ఉంటుంది. మన ప్రాంతంలో పందుల్ని ఎక్కువగా మేపేది ఎరుకలవాళ్ళు. ఊరు మాలమాదిగ పల్లెను ఎంత దూరం పెట్టిందో, పల్లె కూడా ఎరుకల గుడిసెల్ని కొంత దూరం పెట్టింది. మీటింగుల్లో 'దళిత ఆదివాసీ' అని ఒక్క ఊపిరిలో అంటాం గానీ, పందుల దొడ్డి దాకా మనలో ఎంతమందిమి పోయాం?

మేము ఇక్కడ విమర్శకు తీసుకున్నది కథో కవితో కాదు. పంది ఎంత తింటే ఎంత పెరుగుతుంది, ఆ పెరిగినదాంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అని లెక్కకట్టే గణిత నమూనాలు. అవి కూడా రచనలే. వాటికీ రాసిన కాలముంది, రాసిన చోటుంది, వాటిలో కనిపించే పాత్రలున్నాయి, కనిపించనివాళ్ళూ ఉన్నారు. ఈ లెక్కల జోలికి మేము పోవడానికి కారణం ఆళ్లగడ్డలో విన్న ఒక మాట. అప్పు కోసం పోయిన ఒక ఎరుకల పెంపకందారుతో ఒక ఆఫీసులో, "మీ పందుల జాతే మంచిది కాదు, అవి పెరిగేవి కావు, తెల్లపందులు తెచ్చుకో" అన్నారంట. అన్నవాళ్ళు సైన్సు పేరుతో అన్నారు. సైన్సు నిజంగా ఆ మాట అంటుందా లేదా అన్నదే మా ప్రశ్న.

ముందు లెక్క ఎట్లా పుట్టిందో చూద్దాం. పశువుల పెరుగుదలకు ఎక్కువగా వాడే వక్రరేఖల్లో ఒకటి గాంపెర్ట్జ్ రేఖ. లండన్‌కు చెందిన బెంజమిన్ గాంపెర్ట్జ్ 1825లో దాన్ని రాసింది పంది కోసం కాదు. వయసు పెరిగేకొద్దీ మనిషికి చావు అవకాశం ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పడానికి, జీవిత బీమా లెక్కల కోసం రాశాడు. ఆయన యూదుడు. ఆ రోజుల్లో ఇంగ్లండు విశ్వవిద్యాలయాల్లో యూదులకు చోటు లేదు. గణితం సొంతంగా చదువుకున్నాడు. గుడి బయట నిలబడి వేదం విన్నట్టు కాదు గానీ, మనకు ఎరుకలేని కథయితే కాదిది. వందేళ్ళు దాటినంక, 1932లో, చార్లెస్ విన్సర్ అదే రేఖ జీవుల పెరుగుదలకు కూడా సరిపోతుందని చూపాడు.

రేఖ చెప్పేది కష్టమైనదేం కాదు. పిల్ల పుట్టినప్పుడు బరువు కొంచెం. రోజురోజుకీ పెరిగే వేగం పెరుగుతూ పోయి, ఒక చోట గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గుతూ తగ్గుతూ పెద్దయినంక ఆగిపోతుంది. ఆ ఆగిపోయే బరువును ముదురు బరువు అందాం. గాంపెర్ట్జ్ రేఖలో పెరుగుదల వేగం గరిష్ఠంగా ఉండేది ముదురు బరువులో సుమారు 37 శాతం దగ్గర. ఈ 37 శాతం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రేఖ బరువు సంగతి చెప్తుంది గానీ బరువులో ఏముందో చెప్పదు. ఆ పని చేసింది స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో విట్టెమోర్, ఫాసెట్ అనే ఇద్దరు. 1976లో వాళ్ళు రాసిన నమూనా ఆ తర్వాత వచ్చిన చాలా నమూనాలకు పునాది. పంది దేహాన్ని నాలుగు ముక్కలుగా చూస్తారు. ప్రోటీన్, కొవ్వు, నీళ్ళు, బూడిద అంటే ఎముకల ఖనిజాలు. ప్రోటీన్ ఒక పాలు పెరిగితే దాని వెంట సుమారు మూడు పాళ్ళ నీళ్ళు చేరి కండ అవుతుంది. కొవ్వు వెంట నీళ్ళు పెద్దగా రావు. కాబట్టి కండ పెరగడానికయ్యే తిండి కంటే అంతే బరువు కొవ్వు పెరగడానికి చాలా ఎక్కువ తిండి కావాలి. తిన్నదాన్ని పంది ఒక వరుసలో ఖర్చు పెడుతుంది. ముందు బతకడానికి, అంటే ఊపిరి, ఒంటి వేడి, నడక. అది పోను మిగిలినదాంట్లోంచి కండ. కండకు ఒక రోజువారీ హద్దుంది. ఆ హద్దు దాటి మిగిలితే అది కొవ్వు. ఆస్ట్రేలియాలో ఆస్‌పిగ్, అమెరికాలో ఎన్.ఆర్.సి. వాళ్ళు 1998లోనూ 2012లోనూ ఇచ్చిన నమూనాలు, ఫ్రాన్స్‌లో ఇన్రాపోర్క్, అన్నీ ఇదే వరుసలో నడుస్తాయి. వివరాల్లో తేడాలున్నాయి, అవి ఇక్కడ అవసరం లేదు.

ఇప్పుడు ఈ నమూనానే నంద్యాల వీధిలోకి తెద్దాం. 30 కిలోల పందిని తీసుకోండి. ఎన్.ఆర్.సి. 1998 పుస్తకం లెక్క ప్రకారం అది బతకడానికే రోజుకు సుమారు 1,360 కిలో కెలోరీలు కావాలి. షెడ్డులో ఉన్న పందికి కిలో దాణాలో 3,200 కిలో కెలోరీల చొప్పున ఒకటిన్నర కిలో వేశామనుకుందాం. మొత్తం 4,800. బతుకు ఖర్చు పోను 3,440 మిగులుతుంది. వీధిలో తిరిగే పందికి ఎంగిలి మెతుకులు, కుళ్ళిన కాయగూరలు, కాలవ గట్టు గడ్డలు కలిపి రోజుకు 1,700 దొరికాయనుకుందాం. అంటే షెడ్డు పంది తిన్నదాంట్లో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. బతుకు ఖర్చు పోను మిగిలేది 340. అంటే పదో వంతు.

4,800, 1,700 అన్న అంకెలు మేము ఉదాహరణకు వేసుకున్నవి. వాటిని అటూ ఇటూ మార్చినా అసలు సంగతి మారదు. తిండిలో మూడు రెట్ల తేడా, పెరుగుదలకు మిగిలేదాంట్లో పది రెట్ల తేడా అయింది. రెండు పందులూ ఒకే తల్లి పిల్లలైనా ఇదే జరుగుతుంది. ఇంక తిండి కోసం రోజంతా తిరిగే పందికి నడక ఖర్చు ఎక్కువ. కడుపులో పురుగులుంటే అదొక ఖర్చు. ఆ 340 కూడా మిగలని రోజులుంటాయి. ఇంతా చూసినంక "జాతి మంచిది కాదు" అన్న మాట ఏ సూత్రంలోంచి వచ్చింది? సూత్రంలోంచి రాలేదు. సూత్రం తిండి గురించి చెప్పినదాన్ని తీసి జాతి ఖాతాలో వేశారు. ఈ పద్ధతి మనకు కొత్తా? మూడు తరాలుగా బడి లేని పిల్లాడిని మూడు తరాలుగా బడి ఉన్న పిల్లాడి పక్కన కూర్చోబెట్టి, పరీక్ష పెట్టి, వచ్చిన తేడాకు 'మెరిట్' అని పేరు పెట్టడం మనం చూడంది కాదు.

నమూనాలు రాసినవాళ్ళు ఈ తప్పు చేయలేదని కూడా చెప్పాలి. ఎడిన్‌బరోలోనే పనిచేసిన ఎమ్మన్స్ జన్యు సామర్థ్యాన్ని నిర్వచించిన తీరు స్పష్టంగా ఉంటుంది. తిండికి, వాతావరణానికి, ఆరోగ్యానికి ఏ లోటూ లేనప్పుడు జంతువు ఎంత పెరుగుతుందో అదే దాని సామర్థ్యం. అంటే లోటున్నచోట కొలిచినదాన్ని సామర్థ్యం అనకూడదు. ఈ ఒక్క నిబంధన చాలు, మన దగ్గర ఊరపంది మీద పలికే తీర్పుల్లో సగం కొట్టేయడానికి. దాన్ని దాటవేసింది నమూనా కాదు, దాన్ని ఇక్కడికి మోసుకొచ్చిన చేతులు.

రెండో తీర్పు, ఊరపంది 'కొవ్వు పంది' అని. దీంట్లో కొంచెం నిజముంది, అందుకే జాగ్రత్తగా చూడాలి. ఊరపంది ముదురు బరువు తక్కువ. ఇది జన్యువుల్లో ఉన్న తేడానే, మేము కాదనం. లెక్క కోసం ఊరపంది ముదురు బరువు 80 కిలోలు, లార్జ్ వైట్ యార్క్‌షైర్‌ది 250 అనుకుందాం. రెండింటినీ 50 కిలోల దగ్గర కోసి, కొవ్వు కొలిచి, పట్టికలో పక్కపక్కన వేస్తారు. పట్టికలో ఊరపంది ఓడిపోతుంది. కానీ 50 కిలోల దగ్గర ఊరపంది తన ముదురు బరువులో 62 శాతం దాటింది. వేగం తగ్గడం మొదలయ్యే ఆ 37 శాతం దాని విషయంలో 30 కిలోల దగ్గరే అయిపోయింది. సీమపంది అప్పటికి 20 శాతం దగ్గరుంది, ఇంకా పసిది. అంటే మనం పెళ్ళీడు మనిషిని ఐదో తరగతి పిల్లాడితో తూచి, పెళ్ళీడు మనిషికి పొట్ట ఉందంటున్నాం. జంతువుల్ని పోల్చేటప్పుడు బరువునూ వయసునూ ముదురు పరిమాణాన్ని బట్టి సర్దుకుని పోల్చాలని సెయింట్ క్లెయిర్ టేలర్ 1980లోనే సూత్రాలు రాసి పెట్టాడు. ఒకే బరువు దగ్గర కాదు, ఒకే ముదురు దశ దగ్గర పోల్చాలి. అట్లా పోలిస్తే కొవ్వు తేడా చాలావరకు తగ్గుతుంది.

(సీమపంది అన్న మాట గురించి ఒక ముక్క. మన సీమలో సీమపంది అంటే మన సీమది కాదు, ఇంగ్లండుది. మన సీమలోదాన్ని ఊరపంది అంటాం, దాన్ని ఊళ్ళో ఉండనివ్వం.)

కొవ్వుకు ఇంకో కారణం కూడా నమూనాలోనే ఉంది. కండ కట్టాలంటే ప్రోటీన్ కావాలి, అందులోనూ లైసిన్ అనే ముక్క తగినంత ఉండాలి. అది తక్కువైతే శక్తి ఎంత మిగిలినా కండ కట్టదు, మిగిలినదంతా కొవ్వు అవుతుంది. నంద్యాల బియ్యం మిల్లుల ఊరు. ఇక్కడ పందికి దొరికేది హోటళ్ళ అన్నం, కల్యాణ మండపాల ఎంగిలి, డబ్బులుంటే కొంచెం తవుడు. మెతుకుల్లో పిండి పదార్థం ఎక్కువ, లైసిన్ తక్కువ. దాన్ని తిని సీమపందైనా కొవ్వే కడుతుంది. వేరుశనగ చెక్క వేస్తే ప్రోటీన్ వస్తుంది గానీ అందులోనూ లైసిన్ తక్కువే. సోయా చెక్క నయం. ఈ ముక్క పెంపకందారులకు చెప్పడానికి పెద్ద పథకం అక్కర్లేదు, తెలుగులో ఒక పేజీ కరపత్రం చాలు. మేము వెతికినంతవరకు మా చేతికి వచ్చిన కరపత్రాలన్నీ తెల్లపంది బొమ్మతోనే మొదలయ్యాయి.

అసలు కొవ్వు తప్పెందుకయింది? యూరపులో పంది వెన్నుమీద కొవ్వు ఎన్ని మిల్లీమీటర్లుందో చూసి, కండ శాతాన్ని బట్టి డబ్బులిస్తారు. అక్కడ కొవ్వు పెంపకందారుకు నష్టం. నమూనాలు ఆ బజారు కోసం పుట్టాయి. మన ఊళ్ళో పందికూర కొనేవాళ్ళు "రెండు కొవ్వు ముక్కలు ఎక్కువెయ్" అంటారు. దాన్ని సూత్రంలో ఎట్లా రాయాలో ఎవరూ ప్రయత్నించలేదు. రాయలేనిదేం కాదు, కొవ్వుకు కూడా ధర వేస్తే సరిపోతుంది. ఆ ధర వేయాలంటే ఆ తినేవాళ్ళు బజారులో మనుషులుగా లెక్కలోకి రావాలి.

మన రాష్ట్రంలో ప్రభుత్వ పంది ఎక్కడ మొదలైందో కూడా గుర్తు చేసుకోవాలి. 1960లలో దేశంలో కొన్ని చోట్ల పంది పెంపక కేంద్రాలతో పాటు బేకన్ ఫ్యాక్టరీలు పెట్టారు, వాటిలో ఒకటి గన్నవరంలో. బేకన్ అంటే ఎరుకలవాళ్ళ వాడలో వండుకునేది కాదు. 1970-71లో పందుల మీద అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మొదలైంది, తిరుపతి దాని కేంద్రాల్లో ఒకటి. అక్కడ యార్క్‌షైర్‌నూ దేశవాళీనీ కలిపి సంకరజాతులు తీశారు. 75 పాళ్ళు యార్క్‌షైర్, 25 పాళ్ళు దేశవాళీ ఉన్న టీ-17 రకం అట్లా వచ్చిందే. అది మంచి పందే, దాంతో నాలుగు డబ్బులు చేసుకున్నవాళ్ళున్నారు. మా పేచీ పందితో కాదు. ఆ 25 పాళ్ళు ఎవరి దొడ్లోంచి వచ్చాయి, తరతరాలుగా ఏ పిల్లను ఉంచాలో ఏ పిల్లను అమ్మాలో ఎంచినవాళ్ళెవరు అన్నది జాతి చరిత్రలో ఒక్క వాక్యంగానైనా ఉండొద్దా? యార్క్‌షైర్‌కు ఊరి పేరుంది. రెండోదానికి 'దేశవాళీ' అన్న మాటే దిక్కు.

అట్లాగని మన రాజ్యానికి ఎరుకలవాళ్ళను కొలవడం తెలియక కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ కులాల ముక్కులూ తలలూ కాలిపర్లతో కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు, వాటిలో కొరవల మీద పొడుగాటి అధ్యాయముంది, ఎరుకలవాళ్ళను అందులోనే కలిపాడు. 1911 నేరస్థ జాతుల చట్టం కింద వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేశారు. 1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. అప్పటి మన కర్నూలు జిల్లాలో సిద్ధాపురంలో కూడా సెటిల్‌మెంట్ ఉండింది. మనిషి ముక్కు నుంచి వేలికొస దాకా కొలిచిన సర్కారు, ఆ మనిషి మేపే పంది ఏం తింటుంది, ఎన్నాళ్ళకు ఎంతవుతుంది అని కొలవలేదు. దొంగతనం చేస్తాడేమోనన్న అనుమానానికి కొలతలు కావాల్సొచ్చాయి, చేస్తున్న పనికి అక్కర్లేకపోయింది.

ఈ లెక్కల తప్పు కాగితం మీద ఆగిపోదు, అప్పుగా మారుతుంది. 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ పందుల పెంపకానికి 50 శాతం సబ్సిడీ ఇస్తామంది. మొదట చెప్పిన యూనిట్ 100 ఆడ పందులు, 10 మగ పందులు. సబ్సిడీ 30 లక్షల దాకా. తక్కిన సగం సొంత డబ్బో బ్యాంకు అప్పో కావాలి. సొంతానికో కౌలుకో భూమి చూపాలి. నాలుగు ఆడపందులున్న ఎరుకల కుటుంబం ఆళ్లగడ్డలో ఏ భూమి చూపిస్తుంది? పథకం చదివితే అది పంది మీద పెట్టుబడి పెట్టగలిగినవాళ్ళ కోసం రాసినట్టుంది, పందితో బతికేవాళ్ళ కోసం కాదు. రేపు పందుల్లో లాభముందని తేలితే భూమి ఉన్న కులాలు షెడ్లు వేస్తాయి, ఎరుకలవాళ్ళు అందులో జీతానికి చేరతారు. కోళ్ళ ఫారాల్లో ఏమయిందో చూశాం కదా.

లాభనష్టాల లెక్కలో కూడా ఒక మాయ ఉంది. కిలో పెరగడానికి ఎన్ని కిలోల దాణా పట్టింది అన్నదే సామర్థ్యానికి కొలబద్ద. ఊరపంది దీంట్లో ఓడిపోతుంది. కానీ అది తిన్నదాంట్లో కొన్న దాణా ఎంత? కొననిది ఎంత? కొననిది ఊరికే రాలేదు. పొద్దున నాలుగింటికి హోటళ్ళ వెనక నుంచి కుడితి డబ్బాలు నెత్తిన మోసుకొచ్చే ఆడమనిషి కష్టం అది. ఆమె మోసిన కెలోరీలు నమూనాలో 'తిండి' అన్న గడిలో పడతాయి. ఆమె తిరిగిన దూరం, ఆమె నడకకు అయిన ఖర్చు ఏ గడిలోనూ పడవు. పంది నడకకు మాత్రం ఖర్చు రాసుకున్నారు.

ఊరపంది గొప్పదని పాటలు కట్టడం మా ఉద్దేశం కాదు. మలం తినే పందిలో బద్దెపురుగు బుడగలు చేరతాయి. ఆ బద్దెపురుగు గుడ్లు మనిషి మలంలోంచే వస్తాయి, మనిషి నోట్లోకి పోతే మెదడు దాకా పోయి మూర్ఛలు తెస్తాయి. ఇది నిజమైన ప్రమాదం, మన పిల్లలకే ఎక్కువ. కాకపోతే దోషం ఎక్కడ మొదలైందో చూడాలి, మరుగుదొడ్డి లేకుండా చేసిన చోట. 1999లో రాష్ట్రంలో మెదడువాపు వ్యాధి వచ్చి పిల్లలు చనిపోయినప్పుడు పందుల్ని ఊళ్ళు దాటించడమే వైద్యమన్నట్టు నడిచింది. ఆ వైరస్ పందిలో పెరిగేమాట నిజమే. కొంగల్లో కూడా పెరుగుతుంది, దాన్ని మోసేది వరి మడుల్లో పుట్టే క్యూలెక్స్ దోమ. కాలవ కింద వరి మడిని ఎవరూ ఊరు దాటించలేదు, దాటించమని మేము అనడం లేదు. అన్నిట్లోకీ తేలిగ్గా దాటించగలిగింది ఎవరినో చూడమంటున్నాం. 2014 తర్వాత స్వచ్ఛత పేరుతో పట్టణాల్లో పందుల వేట మళ్ళీ పెరిగింది. 2019 పశుగణనలో దేశంలో పందులు 90.6 లక్షలు. 2012 కంటే 12 శాతం తక్కువ. ఆ తగ్గినవాటితో పాటు తగ్గిన కుటుంబాల రాబడిని లెక్కేసే గణన లేదు.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం దూరమేం కాదు. అక్కడి నవనారసింహుల్లో ఒకరు క్రోడ నరసింహుడు, వరాహ రూపం. ఆళ్లగడ్డ శిల్పులు రాతిలో దేన్నైనా చెక్కగలరు. దేవుడైన పందికి గుడి, బతికున్న పందికి మున్సిపాలిటీ బండి. ఈ సంగతి అందరికీ తెలిసిందే గనక ఇంతటితో వదిలేస్తున్నాం.

మేము ఆళ్లగడ్డకు ఒక టేపు, ఒక స్ప్రింగు కాటా పట్టుకుని పోయాం. పందిని తూచకుండా బరువు చెప్పే సూత్రం ఒకటుంది. ఛాతీ చుట్టుకొలతను మీటర్లలో కొలిచి, దాన్ని దాంతోనే గుణించి, పొడుగుతో గుణించి, మళ్ళీ 69.3తో గుణిస్తే కిలోలు వస్తాయి. ఒక ముసలాయన దొడ్డి దగ్గర కూర్చుని ఆ సూత్రం వివరించాం. మేము "పెద్దాయనా" అంటే ఆయన "సామీ" అన్నాడు. సామీ అనొద్దంటే "సార్" అన్నాడు. అంతకు మించి తేడా రాలేదు. పందులు పెరగకపోవడానికి జాతి కారణమంటున్నారే, మీరేమంటారు అని అడిగాం.

"జాతేంది సామీ. దానికి పెట్టి సూడు. యాడ తినల్లో దానికి తెలుసు, తిననీకుంటే యాడ పెరుగుతాది?"

విట్టెమోర్, ఫాసెట్‌ల నమూనా చెప్పేదీ అదే.

ఆ తర్వాత ఆయన ఒక ఆడపిల్లను వెనక కాళ్ళు పట్టి ఎత్తి, వెన్ను మీద అరచెయ్యి పెట్టి అదిమి చూసి, బరువెంతో చెప్పాడు. కొవ్వు ఇంకా పట్టలేదన్నాడు. మేము టేపు పెట్టి లెక్కేశాం. కాటాకు వేలాడదీసి చూస్తే ఆయన మాటే తూకానికి దగ్గరగా వచ్చింది, మా సూత్రం ఎక్కువ చెప్పింది. ఒక పందితో ఏదీ తేలదు. కానీ ఆ 69.3 ఏ పందుల ఒంటి మీద తేలిందో, ముట్టె పొడుగు, ఛాతీ సన్నం ఉన్న మా పందికి ఆ అంకె ఎంత ఉండాలో తెలియాలంటే కొన్ని వందల పందుల్ని, పిల్లగా ఉన్నప్పటి నుంచి వారం వారం, అవి తిరిగే చోటే కొలవాలి. తినేది రాసుకోవాలి. వర్షాకాలంలో ఎంత, పెళ్ళిళ్ళ రోజుల్లో ఎంత, మున్సిపాలిటీ బండి వచ్చిన వారం ఎంత. దీనికి షెడ్డు అక్కర్లేదు. టేపు, కాటా, నోటు పుస్తకం, లెక్క రాసే ఒక ఎరుకల పిల్లాడో పిల్లో ఉంటే చాలు. నంద్యాల, ఆళ్లగడ్డల్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఎరుకల పిల్లలు మాకు తెలిసే నలుగురున్నారు. కాటా మేమిచ్చి వచ్చాం.